ఇత్తడి సమ్మేళనమా? మూలకాలు, సమ్మేళనాలు, మిశ్రమాలపై అపోహలు

తొమ్మిదో తరగతికి ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు తడబడేది నిర్వచనాల దగ్గర కాదు. ఒకే రకం పరమాణువులుంటే మూలకం, వేర్వేరు రకాలవి స్థిరమైన పాళ్లలో రసాయనికంగా కలిస్తే సమ్మేళనం, పదార్థాలు ఏ పాళ్లలోనైనా ఊరికే కలిసి ఉంటే మిశ్రమం అని గడగడా అప్పజెబుతారు. ఒక వస్తువు చేతికిచ్చి ఇది ఏ కోవలోకి వస్తుందో చెప్పమంటేనే చిక్కు. కంటికి ఎలా కనిపిస్తోంది, విడగొట్టడం ఎంత సులువు అని చూస్తారు. నిజానికి చూడవలసింది అందులో ఎన్ని రకాల పరమాణువులున్నాయి, వాటి పాళ్లు మార్చడానికి వీలుందా అని.

అపోహ: తేటగా, అంతటా ఒకేలా ఉంటే శుద్ధ పదార్థం (అంటే ఒకే మూలకం లేదా ఒకే సమ్మేళనం).

సముద్రపు నీటిని వడకట్టి గ్లాసులో పోస్తే తేటగానే ఉంటుంది. అందులో కిలోకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. సీసాల్లో అమ్మే మినరల్ వాటర్ కూడా మిశ్రమమే. పాలను సూక్ష్మదర్శిని కింద పెడితే కొవ్వు బిందువులు విడివిడిగా కనిపిస్తాయి.

అపోహ: పరమాణువులు కలిసి అణువైతే అది సమ్మేళనం.

ఆక్సిజన్ అణువులో రెండు, ఓజోన్‌లో మూడు, సాధారణ గంధకంలో ఎనిమిది పరమాణువులుంటాయి. అన్నీ మూలక రూపాలే, ఎందుకంటే ప్రతి అణువులోనూ ఉన్నది ఒకే రకం పరమాణువు.

అపోహ: రెండు లోహాలను కరిగించి కలిపితే సమ్మేళనం తయారవుతుంది.

ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. జింకు పాళ్లు కొంచెం పెంచినా తగ్గించినా అది ఇత్తడే. నగల మీది 916 ముద్రకు అర్థం వెయ్యి పాళ్లలో 916 బంగారం అని; 18 క్యారెట్ల నగలో అది 750. కంసాలి ఇష్టానికి పాళ్లు మారుతున్నాయంటే అది మిశ్రమం. నీటి విషయంలో ఈ వెసులుబాటు లేదు. గోదావరి నీరైనా అంటార్కిటికా మంచైనా, అందులోని లవణాలను తీసేస్తే, హైడ్రోజన్, ఆక్సిజన్ బరువులు 1:8 నిష్పత్తిలోనే ఉంటాయి. అది 1:16 అయితే మన ముందున్నది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్.

ఈ పొరపాటు పిల్లలదే అనుకోకండి. 1799లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ప్రౌస్ట్ స్థిరానుపాత నియమాన్ని (ఒక సమ్మేళనంలో మూలకాల బరువుల పాళ్లు ఎప్పుడూ మారవు అన్నదాన్ని) ముందుకు తెచ్చినప్పుడు, బెర్తొలే అంతటి రసాయన శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. పాళ్లు మారుతుంటాయనడానికి ఆయన చూపిన రుజువుల్లో మిశ్రమలోహాలు, ద్రావణాలు కూడా ఉన్నాయి!

అపోహ: మిశ్రమాన్ని విడగొట్టడం తేలిక, సమ్మేళనాన్ని విడగొట్టడం కష్టం.

గాలి మిశ్రమమే. నైట్రోజన్‌ను, ఆక్సిజన్‌ను వేరు చేయడానికి దాన్ని మైనస్ 190 డిగ్రీల ప్రాంతానికి చల్లార్చి ద్రవంగా మార్చి, ఆంశిక స్వేదనం చేయాలి, అంటే మరిగే ఉష్ణోగ్రతల్లోని తేడాతో ఒక్కొక్కటిగా వేరు చేయాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ సమ్మేళనం. సీసాలో ఊరికే ఉంచినా మెల్లగా నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది.

అపోహ: ఒకే ఉష్ణోగ్రత వద్ద మరిగితే, కరిగితే అది మిశ్రమం కాదు.

సమ్మేళనానికీ మిశ్రమానికీ తేడాలు చూపే గైడ్లలోని పట్టికల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. బరువులో 95.6 శాతం ఇథనాల్, మిగతా నీరు ఉన్న ద్రావణం 78.2 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిరంగా మరుగుతుంది. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్ (తీగలను అతికించే టంకం లోహం) సరిగ్గా 183 డిగ్రీల వద్ద కరుగుతుంది. రెండూ మిశ్రమాలే. పీడనం మారిస్తే ఆ ఇథనాల్ ద్రావణం పాళ్లే మారిపోతాయి. పట్టికలో ‘సాధారణంగా’ అన్న ఒక్క మాట చేర్చితే సరిపోయేది.

అపోహ: ఇనుము, గంధకం ప్రయోగంలో మిశ్రమమో సమ్మేళనమో తేల్చడానికి అయస్కాంతం ఒక్కటే చాలు.

వేడి చేయకముందు చాలు. బరువులో 7:4 పాళ్లలో కలిపి వేడిచేశాక వచ్చే ఐరన్ సల్ఫైడ్ కూడా కొన్నిసార్లు అయస్కాంతానికి కొద్దిగా అంటుకుంటుంది. పైగా మిగిలిపోయిన ఇనుము ఉండవచ్చు. పిల్లలు సమ్మేళనం ఏర్పడలేదనుకుంటారు. అందుకని ఒక పరీక్షనాళికలో వేడిచేయని మిశ్రమం, మరోదానిలో వేడిచేశాక వచ్చిన సమ్మేళనం తీసుకుని, రెండింటిలోనూ సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి చూపించాలి. మిశ్రమం నుంచి ప్రధానంగా వచ్చేది హైడ్రోజన్, దానికి వాసన లేదు. సమ్మేళనం నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. కాబట్టి చిటికెడు పొడి మాత్రమే వాడి, కిటికీలన్నీ తెరిచి ఉంచండి.