బ్లాక్ మెటల్ గిటార్ల మధ్య జాజ్ సాక్సోఫోన్: అపోహలు - వాస్తవాలు

బ్లాక్ మెటల్ అంటే వేగమైన డ్రమ్స్, కరకు గిటార్లు, అరుపు గొంతుతో సాగే హెవీ మెటల్ శాఖ. నార్వే బ్లాక్ మెటల్‌కు రూపమిచ్చిన బ్యాండ్లలో ఎంపరర్ ఒకటి. ఆ బ్యాండ్ గొంతు ఇహ్‌సాన్ 2010లో తన సోలో ఆల్బమ్ ‘ఆఫ్టర్’లో 8 తీగల గిటార్ల పక్కన జాజ్ సాక్సోఫోన్‌ను నిలబెట్టాడు. ఊదింది యోర్గెన్ ముంకెబీ. ముంకెబీ సొంత బ్యాండ్ షైనింగ్ ఆల్బమ్ ‘బ్లాక్‌జాజ్’ కూడా అదే ఏడాది వచ్చింది. అప్పటి నుంచి ఈ కలయికను ప్రయత్నించేవాళ్లు పెరిగారు, దాని చుట్టూ అపోహలూ పెరిగాయి. పాట రాసేటప్పుడు, రికార్డ్ చేసేటప్పుడు, మిక్స్ చేసేటప్పుడు ఎక్కువగా దెబ్బతీసేవి ఇవి.

అపోహ: మెటల్‌లో సాక్స్ నిన్నమొన్నటి ఫ్యాషన్.

కాదు. 1969లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ మొదటి పాటలోనే ఇయన్ మెక్‌డొనాల్డ్ ఆల్టో సాక్స్ డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) వేసిన గిటార్‌తో ఢీకొంటుంది. 1991లో పెయిన్‌కిల్లర్‌ బ్యాండ్ రికార్డుల్లో జాన్ జోర్న్ సాక్స్ వెనక డ్రమ్స్ వాయించింది మెటల్ బ్యాండ్ నేపామ్ డెత్‌కు చెందిన మిక్ హారిస్. 2010 నాటి ఆల్బమ్‌లు తెచ్చిన మార్పు వేరు: సాక్స్‌ను అరుపుగా మాత్రమే వదిలేయకుండా పాట నిర్మాణంలో భాగం చేశాయి. ‘ఆఫ్టర్’లో అది ప్రతి పాటలోనూ ఉండదు. ‘ఎ గ్రేవ్ ఇన్‌వర్స్‌డ్’లో ఉన్మాదంగా పరిగెడుతుంది, ‘ఆన్ ది షోర్స్’లో నిదానంగా నిట్టూరుస్తుంది. లేనిచోట లేకపోవడం వల్లే వచ్చినచోట దానికి అంత బలం.

అపోహ: డ్రమ్స్ ఎంత వేగంగా ఉంటే సాక్స్ అంత వేగంగా ఊదాలి.

చాలా డెమోలు పాడయ్యేది ఇక్కడే. బ్లాస్ట్ బీట్ (ఆగకుండా అతివేగంగా కొట్టే డ్రమ్స్) వినగానే వాయిద్యకారుడి వేళ్లు పరుగెత్తుతాయి. 200 బీపీఎంలో (నిమిషానికి 200 లెక్కలు) పదహారో వంతు స్వరం నిడివి 75 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 13 స్వరాలకు పైనే. ట్రెమోలో పికింగ్ (ఒకే తీగను వేగంగా మళ్లీ మళ్లీ మీటడం) చేస్తున్న రెండు గిటార్లు, డ్రమ్స్ ఇప్పటికే ఆ వల అల్లేసి ఉంటాయి. సాక్స్ కూడా అదే వలలో దూరితే వినేవాళ్లకు చేరేది గీరుడు శబ్దమే.

బ్లాక్ మెటల్‌లో రెండు కాలాలు ఒకేసారి నడుస్తాయి. పైన డ్రమ్స్ వేగం. అడుగున కార్డ్‌లు (కలిసి మోగే స్వరాల గుంపులు) మారే వేగం, అది చాలా నిదానం. ఒక్కో కార్డ్ నాలుగు బార్లు నిలిచిందనుకోండి: 200 బీపీఎంలో నాలుగు లెక్కల బార్ 1.2 సెకన్లు, నాలుగు బార్లు 4.8 సెకన్లు. సాక్స్ మీద ఒక్క ఊపిరిలో హాయిగా లాగగల స్వరాల వరుస దాదాపు అంతే ఉంటుంది. కార్డ్‌లు నిదానంగా మారే మోడల్ జాజ్‌లో పెరిగిన వాయిద్యకారుడికి ఇది అలవాటైన నేలే. కాబట్టి పల్లవిని ఆ నిదానమైన పొర మీద రాయండి. వేగాన్ని ఒక్క బార్‌కో రెండు బార్లకో దాచుకోండి, అదీ డ్రమ్స్ సగం వేగానికి దిగిన చోట.

అపోహ: జాజ్ రంగు కావాలంటే గిటార్లు కూడా జాజ్ కార్డ్‌లు వాయించాలి.

క్లీన్ గిటార్ అయితే సరే. డిస్టార్షన్ వేశాక లెక్క మారుతుంది. ఆంప్‌లోకి రెండు స్వరాలు కలిసి వెళ్తే వాటి మొత్తాలు, తేడాలు కొత్త స్వరాలుగా బయటికొస్తాయి. మంద్రంలోని ఇ 82.4 హెర్ట్జ్, దాని పంచమం బి 123.5 హెర్ట్జ్. తేడా 41.1, దాదాపు కిందిస్థాయి ఇ. అందుకే మూల స్వరం, పంచమం మాత్రమే ఉండే పవర్ కార్డ్ అంత బరువుగా మోగుతుంది. ఇప్పుడు అదే ఇ మీద తొమ్మిదో స్వరంగా 185 హెర్ట్జ్ ఎఫ్ షార్ప్ చేర్చి చూడండి. తేడా 102.6 హెర్ట్జ్. అది జి షార్ప్‌కు కొంచెం కింద పడుతుంది. మీరు రాసింది ఇ మైనర్, అందులో ఉండాల్సింది జి. పిలవకుండానే మేజర్ మూడో స్వరం, అదీ శ్రుతి తప్పి, లోపలికొచ్చి కూర్చుంది. "కార్డ్ బురదగా ఉంది" అని మనం అనేది దీన్నే.

సాక్స్ ఆ ఆంప్ గుండా వెళ్లదు. గిటార్లు ఇ, బి పట్టుకుని ఉంటే, సాక్స్ పైన ఎఫ్ షార్ప్ గానీ సి షార్ప్ గానీ ఏ షార్ప్ గానీ నిలిపినా ఆ ఉద్రిక్తత శుభ్రంగా వినిపిస్తుంది. డిస్టార్షన్ గిటార్ పలకలేని సామరస్యాన్ని పలకడమే ఈ సంగీతంలో సాక్స్ చేసే అసలు పని. దాన్ని కేవలం సోలో వాద్యంగా చూసేవాళ్లు దాని విలువలో సగం వదులుకుంటున్నట్టే.

అపోహ: గిటార్ ఏ ట్యూనింగ్‌లో ఉన్నా సాక్స్ సర్దుకుంటుంది.

సర్దుకుంటుంది, కానీ వేళ్ల మీద భారం పడుతుంది. ఆల్టో సాక్స్ ఇ ఫ్లాట్ వాద్యం, టెనర్ సాక్స్ బి ఫ్లాట్ వాద్యం: వాటి మీద సి వాయిస్తే మోగేవి ఆ స్వరాలు. గిటార్ ఇ మైనర్ ఆల్టోకు సి షార్ప్ మైనర్ అవుతుంది, నాలుగు షార్ప్‌లు. 8 తీగల గిటార్ అడుగు తీగ మీద ఎఫ్ షార్ప్ మైనర్ రాస్తే ఆల్టోకు డి షార్ప్ మైనర్, ఆరు షార్ప్‌లు. గిటార్లను అర మెట్టు దించి ఇ ఫ్లాట్ మైనర్‌లో రాస్తే ఆల్టోకు సి మైనర్, మూడు ఫ్లాట్‌లే. స్వరాలు జారుగా రావాలంటే ఈ అర మెట్టు తేడా చాలా సాయపడుతుంది.

వేడి సంగతి కూడా చూసుకోవాలి. లోపలి గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే గాలివాద్యం శ్రుతి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అర మెట్టులో నూరో వంతు) పైకి పోతుంది. వేడికి గిటార్ తీగ సాగి శ్రుతి దిగుతుంది. రెండూ ఎదురెదురు దిక్కులకు వెళ్తాయన్నమాట. పది నిమిషాలు ఊది వేడెక్కించాకే మౌత్‌పీస్ సర్దండి. ట్యూనర్‌లో ఒక్క స్వరం చూసి వదిలేయకండి, పాటలో ఎక్కువసేపు నిలిచే రెండు మూడు స్వరాలను గిటార్ ట్రాక్ మీదే సరిచూడండి.

అపోహ: మైక్‌ను గంటలోకి (సాక్స్ చివరి వెడల్పాటి నోటిలోకి) గురిపెడితే చాలు.

గంట నోట్లోంచి పూర్తిగా వచ్చేవి అట్టడుగు స్వరాలే. మిగతావి ఎక్కువగా తెరిచి ఉన్న రంధ్రాల నుంచి వస్తాయి. మైక్‌ను గంటలో పెడితే మంద్రస్వరాలు గుబగుబలాడతాయి, పైస్థాయి పలచబడుతుంది. 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో, గంట అంచుకు పైగా, రెండు చేతుల మధ్య ప్రాంతానికి గురిపెట్టండి. ఆల్టో కీచుగా ఉంటే రిబ్బన్ మైక్ పైకొసను మెత్తబరుస్తుంది. మీట్ల టకటక వినిపిస్తే ఇంకో 20 సెంటీమీటర్లు వెనక్కి జరపండి. ఈక్వలైజర్‌తో దాన్ని తీయబోతే ఊపిరి శబ్దం కూడా పోతుంది, ఆ ఊపిరే సాక్స్‌కు ప్రాణం.

అపోహ: వినపడకపోతే సాక్స్ ఫేడర్ (మిక్సర్‌లో శబ్దం పెంచే మీట) పెంచాలి.

సాక్స్ చిన్నగొంతు వాద్యం కాదు. అది వినపడనిది శబ్దం చాలక కాదు, చోటు చాలక. గిటార్ల కొరుకుడు, అరుపు గొంతు, సాక్స్ అంచు, మూడూ 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్యే ఇరుక్కుంటాయి. ఫేడర్ పెంచితే డ్రమ్స్ చిన్నబోతాయి, చెవి నొప్పెడుతుంది, సాక్స్ మాత్రం ఇంకా ముసుగులోనే ఉంటుంది.

పనిచేసే వరుస ఇది. గిటార్లను పూర్తిగా రెండు పక్కలకు తోసి మధ్య ఖాళీ చేయండి. సాక్స్ మోగే బార్లలో మాత్రమే గిటార్లలో 1.2 నుంచి 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ దించండి. పాట పొడవునా దించితే గిటార్లు నీరసపడతాయి. ఆల్టో అట్టడుగు స్వరం 138 హెర్ట్జ్, కాబట్టి 100 కింద కోసేయొచ్చు. టెనర్ 104 దాకా దిగుతుంది, దానికి 80 దగ్గర ఆపండి. రివర్బ్ (ప్రతిధ్వని) ముందు 40 నుంచి 60 మిల్లీసెకన్ల ప్రీ-డిలే, అంటే అది మొదలయ్యే ముందు చిన్న ఆలస్యం, పెడితే స్వరం మొదలు చెక్కుచెదరదు. బ్లాస్ట్ నడిచే చోట రివర్బ్ తోక చిన్నది చేసి, నిదానం భాగంలో తిరిగి పెంచండి.

అపోహ: బ్లాక్ మెటల్‌లో ఇమడాలంటే సాక్స్‌ను డిస్టార్షన్ పెడల్‌లో పెట్టాలి.

ముందు వాయిద్యకారుడిని గ్రౌల్ చేయమనండి. ఊదుతూనే గొంతులో వేరే స్వరం కూనిరాగం తీస్తే రెండూ లోపలే ఢీకొని గరుకుదనం పుడుతుంది. అది ఊపిరితో పెరిగి తగ్గుతుంది, పెడల్‌లో ఆ కదలిక ఉండదు. ఇంకా కావాలంటే ట్రాక్‌ను నకలు చేసి, ఆ నకలును మాత్రమే సాచురేట్ చేసి (కొంచెం గరుకుపరిచి), అసలు కింద పలుచగా కలపండి.

అపోహ: గొంతు అరుస్తుంటే సాక్స్ కూడా తోడైతే ఉధృతి రెట్టింపవుతుంది.

సగమవుతుంది. అరుపుకు స్పష్టమైన స్వరం ఉండదు, అది సాక్స్ అంచును కప్పేస్తుంది. వరుస చివరి మాట ముగిసిన చోట సాక్స్‌ను మొదలుపెట్టి, తర్వాతి వరుసకు ఒక లెక్క ముందే ఆపండి. రెండూ తప్పనిసరిగా కలవాల్సి వస్తే సాక్స్ ఒకే దీర్ఘస్వరం పట్టుకోవాలి, అదీ తారస్థాయిలో.