లేయర్స్ కట్ మీద అపోహలు, కుర్చీ వెనక నుంచి చూసిన వాస్తవాలు

విజయవాడలో పార్లర్ పెట్టి 16 ఏళ్లయింది. ఫోన్‌లో ఫొటో చూపించి "అక్కా, అచ్చం ఇలాగే కావాలి" అనేవాళ్లు వారానికి నలుగురైనా వస్తారు. ఫొటోలో జుట్టు ఒత్తుగా, నొక్కులు నొక్కులుగా భుజాల మీద పడుతూ ఉంటుంది. అందులో కత్తెర పని సగమే, మిగతాది కర్లర్ పని, అంటే జుట్టును చుట్టి నొక్కులు తెప్పించే వేడి కడ్డీది. ఒక్కోసారి లోపల క్లిప్పులతో పెట్టిన అతుకు జుట్టు కూడా ఉంటుంది, అది మనకు కనపడదు.

అపోహ: ఎన్ని లేయర్స్ తీస్తే జుట్టు అంత ఒత్తుగా కనిపిస్తుంది.

లేయర్ తీయడమంటే పై వెంట్రుకలను కిందివాటికన్నా పొట్టిగా, మెట్లు మెట్లుగా కోసి బరువు తీసేయడం. పైన పొడవు తగ్గితే ఆ వెంట్రుకలు తేలికై లేచి నిలబడతాయి, నడినెత్తి దగ్గర ఉబ్బు కనిపిస్తుంది. కానీ అక్కడ పొట్టిగా కోసిన వెంట్రుకలు కింద కొనల దాకా రావు కదా! ఒత్తు జుట్టుకైతే ఫర్వాలేదు. పలచటి జుట్టుకు నాలుగైదు పొట్టి లేయర్లు తీస్తే పైన పుట్టగొడుగు, కింద ఎలుక తోక మిగులుతాయి. అందుకే కత్తెర పట్టకముందు జుట్టంతా గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా కిందికి జారుస్తాను. భుజం దాటకముందే గుప్పిట సగం ఖాళీ అయిందా, కొనలు ఒకే గీతగా కోసి, ముఖానికి రెండు పక్కలా గడ్డం కింద నుంచి మాత్రం రెండు లేయర్లు తీస్తాను. "ఇంతేనా?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. తల వంచి కుదుళ్ల దగ్గర డ్రయ్యర్ పెట్టాక అద్దంలో చూసుకుని మాట మారుస్తారు.

అపోహ: గుండు చేయిస్తే, తరచూ కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది.

తిరుపతి మొక్కు మొక్కే, దానికీ ఒత్తుకీ సంబంధం లేదు. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదురులో. బయట కనిపించేది ప్రాణం లేని పోగు, కత్తెర పడిన సంగతి కుదురుకు తెలియదు. కోసిన కొన మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

అపోహ: కర్లర్ ఎంత వేడిగా ఉంటే నొక్కులు అంత నిలుస్తాయి.

అసలు నిలిపేది చల్లారడం. వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలనే సున్నితమైన ముడులు వేడికీ తడికీ విడిపోయి, చల్లారి ఆరాక కొత్త ఆకారంలో మళ్లీ ముడిపడతాయి. అందుకని కర్లర్ నుంచి జారిన చుట్టను వేలాడనివ్వకుండా అరచేతిలో పట్టుకుని, చుట్ట చుట్టలాగే క్లిప్పు పెట్టండి. తలంతా అయ్యాక టీ తాగి రండి. చేత్తో తాకితే వెచ్చదనం అసలు తెలియనప్పుడే విప్పి, దువ్వెన జోలికి పోకుండా వేళ్లతో విడదీయండి. నేను సన్నటి వెంట్రుకకు 150 డిగ్రీలు, మందపాటి దానికి 180 దాటను. తడి జుట్టు మీద మాత్రం కర్లర్ వద్దే వద్దు. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే పుటుక్కున తెగుతుంది.

మన ఉక్కపోతలో సాయంత్రానికి నొక్కులు జారిపోతే మీ జుట్టును తిట్టుకోకండి. గాలిలో తేమ కూడా ఆ బంధాలనే విప్పుతుంది. స్ప్రే కొంతవరకే ఆపుతుంది. ఇక కొబ్బరినూనె తలంటుకు ముందు రోజు మంచిదే, స్టైల్ చేసే రోజు మాత్రం వద్దు. బరువుకు నొక్కు సాగిపోతుంది.

అపోహ: లేయర్స్ తీస్తే ఇక జడ రాదు.

ఇది సగం నిజం, ఆ సగం నా తప్పుతో నేర్చుకున్నాను. పెళ్లికి ఆరు వారాల ముందు ఒకమ్మాయికి చెంపల దాకా వచ్చే లేయర్లు తీశాను. ఆ రోజు భలే నప్పింది, ఇద్దరం సెల్ఫీ కూడా దిగాం. జుట్టు పెరిగేది నెలకు అర అంగుళమే. పెళ్లినాడు తెల్లవారుజామున సవరం కలిపి పూలజడ అల్లుతుంటే పాయ పాయకీ పీచులు బయటికి పొడుచుకొచ్చాయి. ఒక డబ్బా పిన్నులు అయిపోయాయి. వాళ్ల అమ్మమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి ఫొటో చూడకముందే "రోజూ ఎలా వేసుకుంటావమ్మా?" అని అడుగుతున్నాను. జడే వేసుకుంటానని చెబితే, అన్నిటికన్నా పొట్టి లేయర్ కూడా భుజం కిందే.