మీ తరగతికి తిరిగి రాబోయే అమ్మాయి గురించి

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీ తరగతి అమ్మాయిని అధికారులు బాలసదనానికి తీసుకువెళ్లారని, వాళ్లమ్మను ఇప్పుడు వీధిలో ఎవరూ పలకరించడం లేదని మొన్న ఫోనులో చెప్పారు. తల్లి తప్పు చేయకపోతే బిడ్డను ఎందుకు తీసుకుపోతారని కూడా అడిగారు. ఎన్నో ఏళ్లు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా తిరుగుతూ అటువంటి గడపలు ఎక్కి దిగినదాన్ని కనుక, రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక బిడ్డ ఆపదలో ఉందని గాని, బడి మాని పనికి పోతోందని గాని ఎవరైనా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. సంరక్షణ అవసరమని అధికారులు ఆ బిడ్డను తమ వెంట తీసుకువెళితే, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉండే ఆ సమితి పని బిడ్డ క్షేమం చూడడం. తల్లిదండ్రులకు శిక్ష వేయడం కాదు. ఇంటి పరిస్థితులపై విచారణ 15 రోజుల్లో పూర్తిచేసి, దాన్ని బట్టి నాలుగు నెలల్లోగా తుది ఉత్తర్వు ఇవ్వాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం మొదట్లోనే 16 సూత్రాలు చెప్పింది. పెంపకం బాధ్యత ముందుగా కన్నవారిదేనని, బిడ్డను సంస్థలో ఉంచడం వేరే దారి లేనప్పుడే జరగాలని వాటిలో ఉంది. కాబట్టి బాలసదనానికి పంపగానే ఆ ఇంటి కథ ముగిసిపోయిందని ఎవరూ అనుకోకూడదు.

నేను దగ్గరుండి చూసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఆదోని వైపు నుంచి ఏటా మిరపకోతలకు గుంటూరు పల్లెలకు వలస వచ్చే ఒక తల్లి, భర్త పోయిన తరువాత ఊళ్లో విడిచిపెట్టడానికి ఎవరూ లేక ఆరో తరగతి చదివే కూతుర్ని కూడా వెంట తెచ్చుకుంది. చేలో కాయలు కోస్తున్న ఆ పిల్లను అధికారులు సమితి ముందుకు తీసుకువెళ్లారు. ఆ కబురు తల్లికంటే ముందే ఊరు చేరింది. అంగడిలో అరువు ఆగిపోయింది, పనికి పిలిచేవాళ్లు ముఖం తిప్పుకున్నారు. బిడ్డను ఇంటికి తెచ్చుకోవాలంటే తనకు బతుకుతెరువు ఉందని చూపించవలసిన సమయంలోనే చేతిలో ఉన్న పని కూడా పోయింది. ఇప్పటికీ నాకు మింగుడుపడని సంగతి అది.

ఆ ఇంటిని నిలబెట్టింది పక్కింటి ముసలావిడ. తల్లి వలస పోయిన నెలల్లో పిల్లను తన దగ్గర పడుకోబెట్టుకుంటానని, బడికి తానే పంపుతానని విచారణకు వచ్చిన కార్యకర్తతో చెప్పింది. ఆ మాట నివేదికలోకి ఎక్కింది. ఊళ్లో చదువుకున్న కుర్రవాడు ఒకడు మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా కోసం ఆ తల్లి వెంట ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అవి ఉంటేనే పిల్లల సంరక్షణ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు కదులుతుంది. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించని కుటుంబాల్లో భర్తను పోగొట్టుకున్న తల్లుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు అది. చదువురాని తల్లికి ఆ డబ్బు కంటే ఆ కాగితాలే పెద్ద కొండ.

ఇంట్లో దెబ్బలు, అంతకు మించిన హింస ఉన్న పిల్లలూ ఉంటారు. వారిని వెంటనే ఆ ఇంటి నుంచి తప్పించాలి, అక్కడ జాలిపడి ఆలస్యం చేయకూడదు. అయితే మీ స్నేహితురాలి ఇంట్లో ఏం జరిగిందో మీకూ నాకూ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఆమె పేరు, ఫోటో, బడి పేరు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. విచారణలో ఉన్న బిడ్డను గుర్తుపట్టేలా వివరాలు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

మీ అమ్మతో ఈ ఉత్తరం చదివించండి. ఈ ఆదివారం మీరు ముగ్గురూ కలిసి ఆ తల్లి దగ్గరకు వెళ్లి, సమితి వాయిదా ఎప్పుడో, తోడు రావాలేమో, ఏ కాగితం తక్కువైందో అడగండి. ఆ అమ్మాయి రాలేకపోయిన రోజుల పాఠాలు ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. వచ్చిన రోజున “ఎక్కడికి పోయావు” అని అడగకుండా, మీ పక్కన చోటు చూపించి ఆ పుస్తకం చేతికివ్వండి.

మీ అమ్మమ్మ