బురద మీద బ్లీచింగ్ చల్లితే ఏమవుతుంది?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లు నీట మునిగాయి కదా, నీళ్లు తీశాక ఫైరింజన్లు తెచ్చి మరీ ఇళ్లు కడిగించారు. కొందరికి అది హడావుడిగా అనిపించి ఉండొచ్చు గానీ, మొదట చేయాల్సిన పని అదే.

నీళ్లు తగ్గగానే మనం చేసేదేమిటి? బురద మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేస్తాం. ఘాటు వాసన రాగానే క్రిములు చచ్చాయని ధీమా. బ్లీచింగ్ నీళ్లలో కలిసినప్పుడు పుట్టే హైపోక్లోరస్ ఆమ్లం క్రిముల్ని చంపే మాట నిజమే, కాకపోతే దానికి క్రిమి అనీ కుళ్లిన ఆకు అనీ డ్రైనేజీ మురికి అనీ తేడా ఉండదు, ముందు ఏది తగిలితే దాంతో రసాయన చర్య జరిపేస్తుంది. బురద నిండా అలాంటి చెత్తే కాబట్టి క్లోరిన్‌లో చాలా భాగం దానికే ఖర్చయిపోతుంది. అందుకే బురద ఎండి గట్టిపడకముందే ఎత్తిపోసి, సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ జోలికి వెళ్లాలి.

తాజా పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది. 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌కి 100 గ్రాములు కలిపి కాసేపు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది, పైన తేటను వాడుకోవాలి. నేల కనీసం 10 నిమిషాలు తడిగా ఉండాలి, వెంటనే తుడిచేస్తే లాభం లేదు. మూత తీసి ఉంచిన పాత పౌడర్‌ని నమ్మొద్దు. ఇంకో మాట, మరకలు పోవట్లేదని ఇందులో బాత్‌రూమ్ యాసిడ్ కలిపారో, విష వాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

ఇంట్లో అడుగుపెట్టే ముందే కరెంటు మెయిన్ ఆపించాలి, ఇన్వర్టర్‌ని మాత్రం చాలామంది మర్చిపోతారు. కాళ్లకు బూట్లు తప్పనిసరి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు చిన్న గాయం ద్వారా కూడా సోకుతుంది. నానిన దూది పరుపుల మీద ఆశ వదులుకోండి, లోపలి దాకా ఆరేలోపే బూజు పట్టేస్తుంది.

గోడలది మరో గొడవ. ఇటుక నీళ్లు పీల్చుకున్నంత తొందరగా వదలదు. ఆ తేమతో పాటు లోపలి లవణాలు బయటికొచ్చి తెల్లగా పేరుకుంటాయి. సంక్రాంతికల్లా రంగులేయించాలని తొందరపడితే పెచ్చులూడుతుంది. గోడకు ఓ ప్లాస్టిక్ కవర్‌ని నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు చూడండి, లోపల చెమ్మ కనిపిస్తే పెయింటర్‌ని ఇంకొన్నాళ్లు ఆగమనండి.