"మొత్తం కక్కించేయండి మేడమ్" అని అడిగేవాళ్లందరికీ

పోయిన మంగళవారం రాత్రి పదింటికి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల నాన్నగారు ఫైర్ సర్వీసులో చేసి ఈ మధ్యే రిటైరయ్యారు. బుడమేరు వరదల తర్వాత మనిషి మారిపోయారట. అర్ధరాత్రి లేచి మేడెక్కి, నీళ్ల ట్యాంకు మూత తీసి లోపలికి టార్చ్ వేసి చూస్తారట. అడిగితే "ఏం లేదు, పడుకో" అంటారట. అన్నీ చెప్పి, చివర్లో అందరూ అడిగేదే తనూ అడిగింది.

"మీరొక్కసారి కూర్చోబెట్టి లోపలున్నదంతా కక్కించేయండి మేడమ్. బయటికొచ్చేస్తే తేలికపడతారు కదా."

నేను పదహారేళ్లు మిలిటరీ హాస్పిటల్స్‌లో నర్సింగ్ ఆఫీసర్‌గా చేశాను, అందులో ఎక్కువ కాలం సైకియాట్రీ వార్డులోనే. గుంటూరు వచ్చేశాక, ఇప్పుడు నెలలో రెండో ఆదివారం విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద గదిలో కొంతమందితో కలిసి కూర్చుంటాను. మాజీ సైనికులు, ఫైర్ వాళ్లు, 108 అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీలు, ఆ బండి నడిపే పైలట్లు, ఒక రిటైర్డ్ ఏఎస్సై, కృష్ణలో పడవ నడిపే ఒకాయన వస్తారు. "కక్కించేయండి" అనే మాట వార్డులో విన్నాను, గదిలో విన్నాను, పెళ్లిళ్లలో భోజనాల దగ్గర కూడా విన్నాను. ప్రేమతోనే అంటారు. అయినా దానివల్ల జరిగిన నష్టం నా కళ్లతో చూశాను కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

అపోహ: జరిగిందంతా ఒక్కసారి చెప్పేస్తే బరువు దిగిపోతుంది

వాస్తవం: దిగదు. బలవంతంగా చెప్పిస్తే పెరగొచ్చు కూడా.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. అజీర్తి చేస్తే వాంతి అయితే హాయి. గడ్డ చితికితే సలుపు తగ్గుతుంది. మనసునీ ఆ లెక్కలోనే వేస్తాం. కానీ అలాంటి జ్ఞాపకం చెప్పినంత మాత్రాన బయటికి పోదు. చెప్తున్న మనిషి ఒంట్లో మళ్లీ జరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, ఆ రోజు వాసన ముక్కుకి తగులుతుంది. సరిగ్గా ఆ భయం నడినెత్తిన ఉన్నప్పుడు ఎవరో "అయ్యో" అని ఏడుస్తారు, లేదా టైమైందని లేస్తారు. మాట అక్కడ తెగుతుంది, భయం మాత్రం దిగదు. "దీని జోలికెళ్తే ప్రమాదమే" అని మెదడు ఇంకొకసారి గట్టిగా నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఆ మనిషి నోరు విప్పించడం మునుపటికంటే కష్టం.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్, తనూ ఒకప్పుడు ఫైర్‌ఫైటరే, ఘోరం చూసి వచ్చిన సిబ్బందిని కొద్దిరోజుల్లోనే గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాన్ని డీబ్రీఫింగ్ అన్నారు. ఆ తర్వాత అది చేతులు మారి, ఎవరికి పడితే వాళ్లకి, విడివిడిగా, ఒక్క సిట్టింగ్‌లో చేసే తంతు అయింది. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాలతో చేరినవాళ్ల మీద దాన్ని పరీక్షించారు. 13 నెలల తర్వాత చూస్తే డీబ్రీఫింగ్ జరిగినవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోరం చూశాక పీడకలలు, భయం వదలని మానసిక జబ్బు) ఉంది, జరగనివాళ్లలో 9 శాతం మందికే. మొదటి గుంపులో గాయాలు కొంచెం ఎక్కువగా ఉన్నమాట నిజమే. కానీ తర్వాత వచ్చిన పరీక్షల్లోనూ ఆ ఒక్క సిట్టింగ్ పీటీఎస్‌డీని ఆపినట్టు తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడు చెప్పేది మూడే పనులు: చూడండి, వినండి, సాయం ఉన్నచోటికి చేర్చండి. జరిగింది చెప్పమని ఒత్తిడి చేయొద్దని అందులోనే ఉంది.

నేను చూసింది చెప్తాను. కొన్నేళ్ల కిందట జనవరి 14న, మాజీ సైనికుల దినోత్సవం రోజు, ఒకచోట సన్మానం పెట్టారు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైరైన రోజు అది. మనకు భోగి, సంక్రాంతి హడావుడిలో వస్తుంది. శాలువా కప్పాక, కార్గిల్‌లో చేసిన ఒక హవల్దార్ గారి చేతికి మైకిచ్చి "మీ పక్కనున్నతను ఎలా చనిపోయాడో మా పిల్లలకి చెప్పండి సార్" అన్నారు. ఆయన కాదనలేకపోయారు. ముందు వరసలో స్కూలు పిల్లలున్నారు మరి. చెప్పారు. అతని చేతి గడియారం గురించి చెప్తుంటే గొంతు పూడుకుపోయింది. జనం నిలబడి రెండు నిమిషాలు చప్పట్లు కొట్టారు. అడిగినాయన కళ్లు తుడుచుకుంటూ "ఇప్పుడు తేలికైంది కదా సార్" అన్నారు.

ఆ రాత్రి నుంచి మూడు రాత్రులు ఆయన ఇంట్లో పడుకోలేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నారని వాళ్లావిడ చెప్పారు. మా గదికి ఏడు నెలలు రాలేదు. వచ్చాక అన్న మొదటి మాట: "మేడమ్, ఆ గడియారం సంగతి అప్పటిదాకా నా దగ్గరుంది. ఇప్పుడు అందరి దగ్గరా ఉంది."

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. చెప్పడమే తప్పని నేను అనట్లేదు. పీటీఎస్‌డీకి బాగా పనిచేసే చికిత్సల్లో ఒకదానిలో జరిగింది పదే పదే చెప్పిస్తారు. కానీ శిక్షణ ఉన్నవాళ్లు, ముందే ఎలా జరుగుతుందో వివరించి, మామూలుగా ఎనిమిది నుంచి పదిహేను సిట్టింగుల్లో, భయం ఎక్కి మళ్లీ దిగేదాకా పక్కనే ఉండి చెప్పిస్తారు. ఆపే హక్కు చెప్పే మనిషిదే. బాత్రూమ్‌లో జారిపడ్డవాడి కాలు డాక్టరు సరిచేయడం వేరు, పక్కింటాయన పట్టి లాగడం వేరు.

మరి మేమక్కడ కూర్చుని ఏం చేస్తాం? ఎక్కువసేపు టీ తాగుతాం. డీఏ గురించి, మోకాళ్ల గురించి, అల్లుళ్ల గురించి మాట్లాడుకుంటాం. నియమాలు రెండే. ఎవరినీ "తర్వాత ఏమైంది?" అని అడగకూడదు. చెప్తున్నాయన టీ గ్లాసు బోర్లిస్తే ఆ విషయం అక్కడితో ఆగిపోవాలి, గది మొత్తం వేరే మాటలోకి వెళ్లిపోవాలి.

పడవాయన సంగతి ఇది. ఆయనది రాణిగారితోట. యూనిఫాం లేదు, మెడల్ లేదు, పెన్షన్ లేదు. నదిలో ఎవరు పడ్డా పోలీసులు ఆయనకు కబురు పెడతారు. 2017 నవంబర్ 12న పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయినప్పుడు నీళ్లలోకి దిగినవాళ్లలో ఆయనా ఉన్నారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్ నగర్ మీద పడ్డప్పుడు, మర్నాటికి ఇటు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతున్నప్పుడు, పడవని లారీ ఎక్కించుకుని వెళ్లారు. మా గదికి మొదటిసారి వచ్చినప్పుడు "నేనిక్కడ కూర్చోవచ్చా అండీ, నాది సర్వీసు కాదు కదా" అన్నారు. మాతో కూర్చునే మాజీ సైనికుడు, సుబేదార్ సాబ్ లేచి తన కుర్చీ ఇచ్చారు.

నాలుగు నెలలు ఆయన పడవ గురించే మాట్లాడారు. గెడ దించితే ఏ సందులో ఎంత లోతుందో, నెత్తికి తగిలే కరెంటు తీగల్ని వెదురుకర్రతో ఎలా ఎత్తి పట్టుకున్నారో చెప్పేవారు. నీళ్ల కింద మునిగిన బైకుల హ్యాండిళ్లు పడవ అడుగున గీరుకునే చప్పుడు మాత్రం ప్రతి నెలా చెప్పేవారు, నోటితో చేసి చూపించేవారు. ఎవరూ తొందరపెట్టలేదు. ఐదో నెల మామూలుగా మాట్లాడుతూనే అన్నారు: "ఒక డాబా మీంచి ముసలామె పిలిచిందండి. పడవ నిండిపోయింది. మళ్లీ వస్తానమ్మా అన్నా. తిరిగొచ్చేసరికి చీకటైంది. అన్ని సందులూ ఒక్కలాగే ఉన్నాయి."

గ్లాసు బోర్లించారు.

"ఆమెకేమీ అయ్యుండదులే, వేరే పడవ వచ్చుంటుంది" అని ఎవరూ అనలేదు. అలా అనకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఓదార్పు ఎదుటివాడి నోరు మూయించడానికే పనికొస్తుంది. తర్వాతి నెల సుబేదార్ సాబ్ ఆయన పక్కన కూర్చుని, కిటికీలోకి చూస్తూ "నాకూ కశ్మీర్లో ఒక ఇల్లుంది, మళ్లీ వస్తామని చెప్పిన ఇల్లు" అన్నారు. అంతే. ఆ రోజు ఇద్దరూ కలిసి బస్టాండ్‌దాకా నడిచి వెళ్లారు. ఒకే ఊళ్లో ఉంటూ అన్నేళ్లు ఒకరికొకరు తెలియని మనుషులు వాళ్లు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వీటి మీద వాదించే ఓపిక నాకు తగ్గిపోయింది.

అపోహ: ఇదంతా యుద్ధానికి వెళ్లినవాళ్లకే వస్తుంది. కాదు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5 (2013) లో, ఉద్యోగరీత్యా పదే పదే ఘోరాలు చూసేవాళ్లను విడిగా రాశారు. అక్కడ ఇచ్చిన ఉదాహరణే, శరీర భాగాలు ఏరే సిబ్బంది. మన రాష్ట్రంలో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. మొదట్లో చేరిన కుర్రాళ్లు ఇరవై ఏళ్లుగా హైవే మీద ఏం ఏరుతున్నారో ఒకసారి ఆలోచించండి.

అపోహ: ఘోరం చూసినవాళ్లందరికీ పీటీఎస్‌డీ వచ్చేస్తుంది. రాదు. చాలామంది కొన్ని వారాల్లో వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం సహజం. నెల దాటినా తగ్గకుండా పని, తిండి, ఇల్లు చెడుతుంటే అప్పుడు డాక్టరు. ఇంకొందరిలో నెలలు, ఏళ్లు గడిచాక, ఒక్కోసారి రిటైరయ్యాక బయటపడుతుంది. "అప్పుడు బాగానే ఉన్నాడుగా" అనకండి.

అపోహ: రెండు పెగ్గులేస్తే నిద్ర పడుతుంది. పడుతుంది, తెల్లవారుజామున రెండింటికి లేపేస్తుంది. పీడకలలు వచ్చేది ఆ రెండో సగంలోనే. మిలిటరీ క్యాంటీన్ కోటా బాటిల్ ఈ జబ్బుకి మందు కాదు.

అపోహ: మెడికల్ షాపులో ఆల్‌ప్రాక్స్ (ఆందోళన తగ్గించే మాత్ర) తెచ్చుకుంటే చాలు. దీనికి మాత్రం నాకు కోపమొస్తుంది. ఆ మాత్ర పీటీఎస్‌డీకి మందు కాదు, అలవాటు పడుతుంది. ఎన్నాళ్లుగానో వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. పీటీఎస్‌డీకి రాసే సెర్ట్రలిన్ లాంటి మందులు వేరు, వాటికి అలా అలవాటు పడతామన్న బెంగ అక్కర్లేదు. అవీ డాక్టరే రాయాలి, డాక్టరే ఆపాలి.

అపోహ: సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్తే పెన్షన్ పోతుంది, ఊరంతా తెలుస్తుంది. చికిత్స తీసుకున్నందుకు ఎవరి పెన్షనూ ఆగదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. మాజీ సైనికులకు వాళ్ల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు దీనికీ పనిచేస్తుంది, పాలీక్లినిక్ విజయవాడలోనూ ఉంది, గుంటూరులోనూ ఉంది. కార్డు లేనివాళ్లకు రెండు ఊళ్లలోనూ ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది.

అపోహ: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టు. దీని దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అడిగితే ఆలోచన రాదు. ఉన్న ఆలోచన మోస్తున్న మనిషికి ఒక తోడు దొరుకుతుంది. సూటిగా, మెల్లగా అడగండి. అవునంటే వదిలి వెళ్లకండి, పురుగుమందు, తాళ్లు, మాత్రలు, లైసెన్సు తుపాకీ ఉంటే అదీ ఇంట్లోంచి తీసేయండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ప్రాణం మీదికొస్తే 112.

ఇంట్లోవాళ్లకి, ముఖ్యంగా వాళ్ల ఆడవాళ్లకి ఒక మాట. ఆయన చెప్పకపోతే మీ మీద నమ్మకం లేక కాదు. అది మీ కళ్లముందు పెట్టడం ఇష్టం లేక. "ఏం జరిగింది?" బదులు "రాత్రి నిద్ర పట్టిందా?" అనండి. పీడకలలో ఉంటే ఒంటిమీద చెయ్యి వేసి కుదపకండి, కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవండి, లైటు వేయండి. మా వార్డులో మొదటి వారం నేర్పేది ఇదే. ఒకసారి తొందరలో మర్చిపోయి భుజం పట్టుకుని లేపాను. ఆ కుర్రాడి మోచెయ్యి నా దవడకి తగిలింది. లేచాక అతను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ ఫైర్ ఆయన కూతురికి ఇవన్నీ చెప్పలేదు. "ఆదివారం వచ్చేవాళ్లలో సగం మందికి మోకాళ్ల నొప్పులే తల్లీ, ట్యూషన్ బల్లలు జరపడానికి మనిషి కావాలని నాన్నగారికి చెప్పు. డాక్టరు సంగతి తర్వాత ఆయనతోనే మాట్లాడదాం" అన్నాను. ఆయన వచ్చారు. పద్నాలుగు బల్లలూ ఒక్కరే గోడవారకు చేర్చారు. రెండు గంటలు తలుపు పక్కన కూర్చున్నారు, పేరు తప్ప ఏమీ చెప్పలేదు. టీ తాగి గ్లాసు మామూలుగానే కింద పెట్టారు. అందరూ లేచేటప్పుడు మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందా అని అడిగారు. ఉందన్నాను. మెట్లెక్కుతుంటే పడవాయన టార్చ్ తీసుకుని వెనకాలే వెళ్లారు.