విల్లు మారితే గురి ఎందుకు మారుతుంది

గుణుపురం,
రాయగడ జిల్లా.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య శుభాశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ ఉత్తరం అందింది. వేసవి సెలవుల్లో వంశధార ఒడ్డున గడ్డిమోపుకు బాణాలు వేసినప్పుడు, సవర పల్లె నుంచి తెచ్చిన వెదురు వింటితో గురికి తగిలిన బాణమే పెద్ద చెక్క వింటితో వేస్తే ఎడమ పక్కకు పోయిందనీ, పొట్టి గుర్రపు వింటితో (గుర్రం మీద నుంచి వేసేవాళ్ళ రకం విల్లు) వేస్తే గురికి పైన దిగిందనీ, తిరిగి వెదురు విల్లు అందుకుంటే అదీ తప్పసాగిందనీ రాశారు. విళ్ళు మార్చడం వల్ల నేర్చుకున్న విద్య చెడిపోతుందేమోనని మీరు భయపడుతున్నారు. ఆ భయం అక్కర్లేదు. అయితే విల్లుతోపాటు ఇంకా ఏమేమి మారుతున్నాయో తెలుసుకోకుండా ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూ పోతే మాత్రం ఏ వింటితోనూ గురి కుదరదు కాబట్టి, ఈ సంగతి కొంచెం విపులంగా రాస్తున్నాను.

మొట్టమొదట మీరు అలవాటు చేసుకోవలసినది బాణాలు పీకకముందు గడ్డిమోపును చదవడం. ఆరు బాణాలు వేశాక దగ్గరకు వెళ్ళి, వాటి మీద చేయి వేయకుండా ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఆరూ అరచేయంత చోట ఒత్తుగా దిగి, ఆ గుంపు మొత్తం గురికి జానెడు ఎడమగా ఉంటే మీ చేతిలో లోపం లేదు. మీరు ఆరుసార్లూ ఒకే పని ఒకే విధంగా చేశారు, ఆ వింటికీ ఆ బాణానికీ పొత్తు కుదరలేదు, అంతే. అలా కాక ఆరూ ఆరు దిక్కులకు చెదిరి ఉంటే వింటిని ఏమీ అనకండి. కొత్త వింటికి మీ ఒళ్ళు ఇంకా అలవాటు పడలేదని అర్థం. ఈ రెండింటికీ మందు వేరు. మొదటిదానికి బాణాన్ని మార్చాలి, రెండోదానికి సాధన కావాలి. చాలామంది పిల్లలు గుంపు ఎడమకు పడగానే మరుసటి బాణాన్ని కుడివైపుకు గురి పెట్టి సరిచేసుకోబోతారు. అప్పటికి తగిలినట్టే ఉంటుంది కానీ, ఆ సర్దుబాటు కంటికి అలవాటై, పాత విల్లు పట్టుకున్నప్పుడు వేసిన బాణం కుడికి పోతుంది. మీ వెదురు వింటికి చివర జరిగింది ఇదే.

ఇక పైకీ కిందికీ పోవడం గురించి. ఇది చాలావరకు వేగం లెక్క, మీరు బడిలో చదువుకున్నదే. గడ్డిమోపు 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో వెళితే అక్కడికి చేరడానికి అర సెకను పడుతుంది, ఆ అర సెకనులో భూమి ఆకర్షణ దానిని సుమారు 122 సెంటీమీటర్లు కిందికి దింపుతుంది. వేగం 50 మీటర్లయితే పట్టేది 0.4 సెకను, దిగేది సుమారు 78 సెంటీమీటర్లు. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోయినా, రెండింటికీ తేడా 44 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక మూర. వెదురు వింటికి అలవాటుపడ్డ మీ కన్ను ఎంత ఎత్తున గురి పెట్టాలో తనంతట తానే నేర్చుకుంది. వేగం ఎక్కువున్న గుర్రపు విల్లు చేతికి వచ్చినా అదే ఎత్తు చూపించింది. కనుక బాణం పైకి పోక ఏమవుతుంది? కన్ను కొత్త వేగాన్ని కొద్ది బాణాలలోనే పట్టుకుంటుంది. అందుకే విల్లు మార్చిన వెంటనే వేసిన మొదటి కొన్ని బాణాలను బట్టి ఆ వింటి మీదా, మీ మీదా తీర్పు చెప్పుకోవద్దు.

పక్కలకు పోవడం ఇంతకంటే లోతైన విషయం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. నారి వదలగానే బాణం బిగుసుకుని నేరుగా పోతుందని మనకు అనిపిస్తుంది. నిజానికి వెనక నుంచి నారి తోస్తుంటే, ముందు ములికి (బాణపు మొన) బరువు నిలదొక్కుకుంటుంటే, మధ్యలో బాణం విల్లులాగే వంగుతుంది. ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊగుతూ పిడిని తప్పించుకుని దాటి, ఆ తర్వాత ఈకల సాయంతో నిలకడ తెచ్చుకుంటుంది. చాలా వేగంగా చిత్రాలు తీసే కెమెరాతో చూస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. కుడిచేత్తో నారి లాగే మనిషి బాణాన్ని వింటికి ఎడమవైపు ఆనిస్తాడు కనుక, పిడి ఎంత లావుగా ఉంటే బాణం ముందుకొస అంతగా ఎడమకు చూస్తూ ఉంటుంది. తగినంత మెత్తని బాణమైతే వంగి, పిడిని చుట్టి వచ్చి, గురి దారిలో పడుతుంది. మరీ గట్టి బాణం వంగకుండా ఎడమకే పోతుంది. మరీ మెత్తనిది ఎక్కువగా వంగి కుడికి పోతుంది. ఎడమచేత్తో లాగే చిన్నవాడికి ఇదంతా తలకిందులుగా వర్తిస్తుంది, వాడికి వేరుగా చెప్పండి.

మన పెద్ద చెక్క వింటి పిడి వెదురు వింటి పిడి కంటే లావు, అది మీకూ తెలుసు. వెదురు వింటికి సరిపోయిన బాణం ఆ లావు పిడిని చుట్టి రావడానికి చాలినంత వంగలేదు. శిక్షణ కేంద్రాలలో వాడే రికర్వ్ విళ్ళకు, అంటే కొసలు ముందుకు వంపు తిరిగిన విళ్ళకు, పిడి మధ్యభాగంలో కోత ఉంటుంది, బాణం దాదాపు నారికి ఎదురుగానే నిలుస్తుంది, అందువల్ల అవి బాణంలోని చిన్న తేడాలను ఓర్చుకుంటాయి. మన సంప్రదాయ విళ్ళు ఓర్చుకోవు. బాణాన్ని పొట్టిగా కోస్తే అది గట్టిదానిలా ప్రవర్తిస్తుంది, బరువైన ములికి పెడితే మెత్తదానిలా ప్రవర్తిస్తుంది. చేసేవాళ్ళు ఈ రెండు ఉపాయాలతోనే బాణాన్ని వింటికి కుదురుస్తారు. కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే, పిడి పక్కన బాణం దాటే చోట పొడి బియ్యప్పిండి పల్చగా రుద్ది రెండు మూడు బాణాలు వేసి చూడండి. ఈక సన్నగా రాసుకున్న గీత ఉంటే ఫరవాలేదు. పిండి ఒకచోట చెక్కుకుపోయి, ఈక అంచుకు కూడా తెల్లగా అంటుకుని ఉంటే, బాణం తోక ప్రతిసారీ వింటిని కొట్టి పోతోందన్నమాట, అటువంటి బాణం ఆ వింటితో ఎన్నటికీ నిలకడగా పోదు.

వింటి బరువు, అంటే నారి లాగడానికి పట్టే బలం, ఆ సంగతీ చెప్పాలి. వింటి మీద రాసే పౌండ్ల అంకె సాధారణంగా 28 అంగుళాల మేర నారి లాగినప్పటిది. మీరు 24 అంగుళాలే లాగుతారు. అంగుళానికి రెండు మూడు పౌండ్ల చొప్పున తగ్గించుకుంటే, 40 అని రాసి ఉన్న విల్లు మీ చేతిలో 30 దరిదాపుల్లోనే ఉంటుంది. ఒకరోజు కొంచెం తక్కువ లాగితే ఆ రోజు మీరు మరో వింటితో వేసినట్టే. కాబట్టి విల్లు ఏదైనా, నారి లాగి ఆపే చోటు ఒకటే ఉండాలి. పెదవి మూలకు తెచ్చే అలవాటు ఉన్నవారు ఒక వింటితో అక్కడికీ, మరో వింటితో గడ్డం కిందికీ తెస్తే, బాణం వెనుకకొస కంటికి దూరమై ముందుకొస పైకి లేస్తుంది, బాణం గురికి పైన దిగుతుంది. అయితే ఒక హెచ్చరిక. కథల్లో వీరులు ఆకర్ణాంతం లాగారు కదా అని వెదురు వింటిని చెవిదాకా లాగకండి. దాన్ని చేసినాయన ఎంతవరకు లాగవచ్చని చెప్పాడో అంతవరకే దాని ఓపిక, అది దాటితే విరుగుతుంది. బాణం లేకుండా నారి లాగి వదలడం కూడా అంతే ప్రమాదం.

బలమైన విల్లు పట్టినప్పుడు భుజం అలసి, నారి వదిలే క్షణంలో చేయి కొద్దిగా ముందుకు జారుతుంది; బాణం తక్కువ పడుతుంది. ఇది అందరూ గమనిస్తారు. తేలిక వింటికి మారినప్పుడు జరిగేదే ఎవరూ గమనించరు. బలమైన నారి వేళ్ళను తోసుకుని తనంతట తాను బయటపడుతుంది. తేలిక నారికి ఆ బలం ఉండదు, వేళ్ళలో ఏ చిన్న తడబాటు ఉన్నా దాన్ని బాణంలోకి మోసుకుపోతుంది. పైగా వెదురు విల్లు చేతికి కూడా తేలిక, వదిలినప్పుడు అది అదిరినంతగా బరువైన పిడి ఉన్న విల్లు అదరదు. అందుచేత తేలిక వింటితో బాగా వేయగలవారిని నేను ఎక్కువగా గౌరవిస్తాను. మన కొండల్లో సవరలు, కొందులు, మల్కాన్‌గిరి వైపు బోండాలు పట్టే విళ్ళను మోటువని అనేవారి మాట వినకండి. వాటితో గురి కొట్టడానికి ఎంత నిలకడైన చేయి కావాలో ఒక్కసారి పట్టి చూసినవారికే తెలుస్తుంది.

పట్టు మారితే ఏమవుతుందో మన భారతంలోనే ఉంది. ఏకలవ్యుడు కుడిచేతి బొటనవేలు గురుదక్షిణగా ఇచ్చాక మిగిలిన వేళ్ళతో బాణాలు వేశాడు. వేయగలిగాడు, కానీ మునుపటి వేగం రాలేదు. తుర్కులు, మంగోలులు, కొరియావాళ్ళు గుర్రపు వింటి నారిని బొటనవేలితోనే లాగేవారు, దానికి ఉంగరం తొడుక్కునేవారు. అలా లాగినప్పుడు కుడిచేతివాటం మనిషి బాణాన్ని వింటికి కుడివైపు పెడతాడు, కనుక నేను పైన చెప్పిన కుడి ఎడమలు తారుమారవుతాయి. మీరు గుర్రపు వింటిని మూడు వేళ్ళతో లాగుతున్నారు. అదేమీ తప్పు కాదు, ఈ రోజుల్లో చాలామంది అలాగే వేస్తారు. కానీ ఒకరోజు మూడు వేళ్ళతో, మరొక రోజు బొటనవేలితో వేయవద్దు. జపానువాళ్ళ విల్లు రెండు మీటర్లకు మించిన పొడవుంటుంది, పిడి నడుమ కాకుండా కింది నుంచి సుమారు మూడో వంతు దగ్గర ఉంటుంది, బాణం కుడివైపు నిలుస్తుంది. ఆ విద్య నేర్చినవారు ఏళ్ళ తరబడి దానినే పట్టుకుని ఉంటారు. అర్జునుడికి గాండీవం, విష్ణువుకు శార్ఙ్గం, శివుడికి పినాకం అని మనవాళ్ళు ఒక్కొక్కరికి ఒక్కొక్క విల్లు చెప్పింది శోభ కోసమే అని నేను అనుకోను.

అలాగని జీవితమంతా ఒకే విల్లు పట్టుకోవాలని కాదు. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబారామ్ చిన్ననాట వెదురు వింటితో మొదలుపెట్టి, 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో రికర్వ్ పట్టి మన దేశం తరఫున నిలిచారు. రాంచీ దగ్గర పుట్టిన దీపికా కుమారి కూడా వెదురు వింటితోనే ఆరంభించి, 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. మొదటి విల్లు నేర్పిన నిలబడే తీరు, వెన్ను బలం, చూపు వాళ్ళ వెంట వెళ్ళాయి. కొత్త వింటికి మారినవాళ్ళు దాని మీదే నిలిచి సాధన చేశారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి పట్టడం వేరు.

వెదురు విల్లు విషయంలో ఇంకో చిక్కుంది: మీరు మార్చకపోయినా అది తనే మారుతుంది. వానాకాలం తేమకు మెత్తబడుతుంది, నారి ఎక్కించి రాత్రంతా వదిలేస్తే వంపు నిలిచిపోయి బలం తగ్గుతుంది. నూలు నారి సాగితే వింటికీ నారికీ మధ్య ఎడం తగ్గుతుంది. అప్పుడు బాణం నారి మీద మరికొంతసేపు ఉండి చేతి వణుకును ఎక్కువగా మోస్తుంది, నారి మణికట్టుకు కూడా కొడుతుంది. పిడికిలి బిగించి పిడి మీద నిలబెట్టి, బొటనవేలు చాచితే ఆ కొన నారికి తగలాలి. మీ చేతులు చిన్నవి కాబట్టి నా చేతి కొలతను పుల్ల మీద గీసి ఉంచాను. బాణాలు వేయడం మొదలుపెట్టే ముందు ప్రతిరోజూ ఆ పుల్లతో చూసుకోవాలి, నారి మీద బాణం తగిలించే చోట కట్టిన ఎర్రదారం జరగలేదని కూడా చూసుకోవాలి. వేయడం అయిపోగానే నారి దించాలి.

ఇక ముందు ఏం చేయాలంటే, మీలో ప్రతి ఒక్కరూ ఒక వింటిని ఎంచుకుని, గుంపు అరచేయంత చోటికి వచ్చేదాకా దానినే పట్టుకోండి. రెండో వింటికి వెళ్ళిన రోజున గడ్డిమోపును పది మీటర్లకు దగ్గరగా తెచ్చుకుని, గురి చుక్క తీసేసి, ఖాళీ గడ్డి మీద వేస్తూ ఒళ్ళు కుదుటపడనివ్వండి. ఆ తర్వాతే దూరం పెంచండి. ఒకే రోజున విల్లునూ, బాణాన్నీ, నారి లాగి ఆపే చోటునూ కలిపి మార్చకండి, మారిస్తే తప్పు దేనిదో తేలదు. ఏ వింటి బాణాలకు ఆ రంగు దారం కట్టి వేరువేరు పొదుల్లో పెట్టుకోండి. పాత వింటికి తిరిగి వచ్చినప్పుడు మొదట దారి తప్పినా, నేర్చిన చేయి కొత్తగా నేర్చేవాడి కంటే చాలా త్వరగా గుర్తు తెచ్చుకుంటుంది, కంగారు పడవద్దు. పిట్టల మీదా, కుందేళ్ళ మీదా బాణం ఎత్తకూడదన్న మాట మళ్ళీ చెబుతున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా లేకపోయినా మన ఇంట్లో అది కట్టుబాటు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు మీరు వేసిన గుంపులను పుస్తకంలో బొమ్మగా గీసుకుని తీసుకురండి, ప్రతి బొమ్మ కింద ఏ విల్లు, ఏ బాణం అన్నది రాయండి. పెద్ద చెక్క వింటికి కాస్త పొడవైన, సన్నని వెదురు బాణాలు కావాలి. వాటిని సంతకు వచ్చే సవర పెద్దాయనతో చెప్పి చేయిస్తాను. ములికి ఎంత బరువుండాలో మీరు వచ్చాక వేసి చూసి నిర్ణయిద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య