వేలి క్లిప్పులోని అంకె ఎవరి రక్తంతో తేల్చింది?

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూసే పల్స్ ఆక్సీమీటర్ ముదురు రంగు చర్మం మీద ఆక్సిజన్‌ని ఎక్కువ చేసి చూపిస్తుందన్న గొడవ మళ్లీ రాజుకుంది. రోగిని ఆసుపత్రికి రప్పించకుండా ఇంటి దగ్గరే కనిపెట్టుకునే పద్ధతుల్లో చాలావాటికి ఈ చిన్న క్లిప్పే కళ్లు. 1974లో జపాన్ ఇంజినీర్ తకువో అయోయాగి ఈ ఉపాయం బయటపెట్టడం, తర్వాత అది మత్తు డాక్టర్ల చేతికి రావడం తెలిసిన కథే. చూడాల్సింది 1990.

ఆ ఏడాది అమెరికా డాక్టర్లు అమల్ జుబ్రాన్, మార్టిన్ టోబిన్ వెంటిలేటర్ మీదున్న రోగుల్లో క్లిప్పు అంకెని ధమని రక్తం ఫలితంతో పోల్చి చూశారు. తెల్లవాళ్లలో 92 శాతం కనిపిస్తే రక్తంలో ఆక్సిజన్ చాలినంత ఉందని నమ్మొచ్చు. నల్లజాతి రోగుల్లో అదే భరోసాకి 95 కనిపించాలి. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలోనూ, ఆక్సిజన్ పడిపోయే కొద్దీ ముదురు చర్మం మీద మీటర్ తప్పు పెరిగింది. ఇవేవీ దాచిన సంగతులు కావు, డాక్టర్లు చదివే జర్నల్స్‌లోనే అచ్చయ్యాయి.

అయినా 2013లో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ మీటర్ పరీక్షకి కనీసం 10 మంది వాలంటీర్లు చాలంది. వాళ్లలో ఇద్దరో, 15 శాతమో ముదురు చర్మం వాళ్లుంటే సరిపోతుందంది. అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. మీటర్ ఆక్సిజన్‌ని నేరుగా కొలవదు. ఎరుపు కాంతి, పరారుణ కాంతి వేలిలో ఎంతెంత ఇంకిపోయాయో చూసి, వాలంటీర్ల రక్తంతో ముందే తయారైన లెక్కలోంచి అంకె తీస్తుంది. ఆ వాలంటీర్లలో లేనివాళ్లకి వచ్చే అంకె అంచనానే.

ఆపరేషన్ థియేటర్‌లో ఈ లోపాన్ని పక్కనున్న డాక్టర్ పట్టుకోగలడు. కోవిడ్‌లో క్లిప్పు ఇంటికొచ్చింది. బ్రిటన్‌లో 92, అంతకన్నా తక్కువైతే ఎమర్జెన్సీకి వెళ్లమన్నారు. ఆసుపత్రికి వెళ్లాలా, ఆగాలా అన్నది అంకె చెప్పడం మొదలైంది. 2020 డిసెంబర్‌లో అమెరికాలోని మిషిగన్ డాక్టర్ల లెక్క వచ్చింది. మీటర్ 92 నుంచి 96 చూపినప్పుడు రక్తంలో నిజంగా 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతి వాళ్లలో 11.7 శాతం. ఎమర్జెన్సీకి పోవాల్సిన మనిషికి ‘ఫర్వాలేదు’ అని చెప్పడమే కదా అది!

ఇవి పాత ఆసుపత్రి రికార్డులని, రక్తం తీసిన క్షణం, మీటర్ చూసిన క్షణం ఒకటి కావని, రక్తప్రసరణ సరిగా లేకపోయినా అంకె తప్పుతుందని మరో పక్షం వాదన. నిజమే. కానీ సమయం తేడానే కారణమైతే అది అందరికీ ఒకేలా తగలాలి.

2025 జనవరిలో ఎఫ్‌డీఏ ముసాయిదా వాలంటీర్ల సంఖ్యని 150కి పెంచమంది, అన్ని చర్మఛాయలూ ఉండాలంది. అయితే అది వైద్యం కోసం అమ్మే మీటర్లకే. డాక్టర్ చీటీ లేకుండా నేరుగా కొనుక్కునేవి చాలావరకు ‘వెల్‌నెస్’ (వైద్యానికి కాని మామూలు ఆరోగ్య సాధనం) పేరుతో దాని బయటే ఉన్నాయి. రాత్రిపూట ఆయాసం వచ్చినప్పుడు ఇంట్లో చేతికందేది ఆ మీటరే.